తొమ్మిదిని ఎవరు మార్చారు?

ఓటీపీ అనేది ఎప్పుడూ ఇంట్లో లేని మనిషి ఫోనుకే వస్తుంది. సిలిండర్ తెచ్చినతను గేటు దగ్గర గొంతు చించుకుంటుంటాడు. నంబరేమో ఎక్కడో పెళ్లిలో పప్పన్నం కలుపుతున్న మనిషి జేబులో మోగుతుంది. ఆయన చెయ్యి కడిగి, కళ్లజోడు వెతికి, ఆరంకెలూ చదివేసరికి వాటికి నూరేళ్లు నిండిపోతాయి. మళ్లీ పంపమంటే యంత్రం అలుగుతుంది.

కరీంనగర్‌లో లక్ష్మీరాజం ఇంట్లో కరెంటు, గ్యాసు, ఇంటర్నెట్టు అన్నీ కొడుకు నరేశ్ నంబరు మీదే ఉన్నాయి. మగపిల్లాడన్న గౌరవంతో అలా పెట్టారు. నరేశ్ విత్తనాల కంపెనీలో తిరుగుడు ఉద్యోగి. వారంలో నాలుగు రోజులు బోథ్ అనీ జైనూర్ అనీ ఆదిలాబాద్ వైపే ఉంటాడు. అక్కడ గుట్టలు ఎక్కువ, సిగ్నల్ తక్కువ. సిగ్నల్ ఉన్నచోట కూడా ఈ మధ్య అతను ఫోను ఎత్తడం తక్కువే. అందుకే బుధవారం మధ్యాహ్నం అతని భార్య వనజ, ఇంటర్నెట్టు ఎప్పుడెప్పుడు ఆగిందో లెక్క చూద్దామని ఫోను తెరిస్తే, ఓటీపీ నేరుగా గుట్టల్లోకి పోయింది. నరేశ్‌కు ఆరుసార్లు చేసింది. ఆరుసార్లూ ఒక ఆడమనిషి గొంతు, మీరు కోరిన చందాదారుడు అందుబాటులో లేడని మూడు భాషల్లో చెప్పింది.

ఆ లెక్క ఆమెకు ఎందుకంత అవసరం పడిందో, పోయిన వారం పత్రికను పక్కింటివాళ్లు "ఇప్పుడే ఇస్తాం" అని పట్టుకుపోయిన పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పాలి.

వనజది ఇంట్లోంచే చేసే ఉద్యోగం. హైదరాబాద్ కంపెనీ ఒకటి పంపే ఆస్పత్రి కాగితాలు చదివి, తప్పులు పట్టాలి. రోగుల రహస్యాలు కాబట్టి కంపెనీవాళ్లు ఈ ఇంటి ఇంటర్నెట్టుకు బయటి ప్రపంచంలో ఉండే నంబరును రాసి పెట్టుకున్నారు. ఐపీ అడ్రస్ అంటారు దాన్ని. ఆ నంబరు నుంచి వస్తేనే కంపెనీ తలుపు తెరుచుకుంటుంది. ఇంకో నంబరు నుంచి సాక్షాత్తూ వనజే వచ్చినా గుర్తుపట్టదు. ఈ నెల మొదలు ఆ నంబరు దానంతట అదే మారిపోతోంది. మారినప్పుడల్లా తెర మీద ఎర్ర గీత, మారినప్పుడల్లా బతిమాలి కొత్త నంబరు రాయించుకోవడం. బుధవారం పొద్దున మళ్లీ ఎర్ర గీత వచ్చింది. ఈసారి ఫోను స్పీకర్లో మేనేజర్ మమతారాణి బతిమాలే అవకాశం కూడా ఇవ్వలేదు.

"ఇది ఐదోసారి వనజా. మీ లాగిన్ ఇంకెవరికో ఇచ్చి, వాళ్ల ఇళ్లలోంచి పని చేయిస్తున్నారని పైవాళ్ల అనుమానం. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో సాయంత్రం ఐదులోపు రాతలో పంపండి. లేకపోతే రేపటి నుంచి మీరు రావద్దు."

ఏడు నెలలుగా ఎక్కడికీ వెళ్లకుండా హాల్లో మూలన కుర్చీలో కూర్చుని పనిచేస్తున్న మనిషితో రావద్దనడం ఎలా కుదురుతుందో గానీ, ఆ మాట పడాల్సిన చోట పడింది. వచ్చే నెల ఆమె ఉద్యోగం పర్మనెంటు కావాల్సి ఉంది.

ఆ మాటలన్నీ వంటింటి తెర వెనక నిలబడి విన్న మనిషి ఒకరున్నారు. ఆయన చొక్కా జేబులో ఒక చిన్న డైరీ ఉంది. ఆ డైరీ మీద చెయ్యి పెట్టుకుని, ఛాతీలో నొప్పి వచ్చినవాడిలా నిలబడ్డ ఆ మనిషి వనజ మామగారు లక్ష్మీరాజం.

లక్ష్మీరాజం చెడ్డవాడు కాడు. సిరిసిల్లలో ముప్పై ఏళ్లు సాంచాలు నడిపించి, అంటే కరెంటు మగ్గాలు నడిపించి, వాటిని అమ్మేసి కరీంనగర్ చేరినవాడు. సాంచా మీద పోగు తెగితే ఏం చేయాలో ఆయనకు తెలుసు. బంద్ చేయాలి, ముడి వేయాలి, మళ్లీ చాలు చేయాలి, అంటే నడిపించాలి. జీవితంలో మిగతా సమస్యలకూ అదే మందని ఆయన నమ్మకం. మిక్సీ మొరాయించినా బంద్ చేసి చాలు చేస్తాడు. బీపీ మిషన్ ఎక్కువ చూపించినా బంద్ చేసి చాలు చేస్తాడు, తక్కువ చూపించేదాకా.

ఆయనకు ఉన్న ఇంకో నమ్మకం అంకెలు. కూడితే తొమ్మిది వచ్చే నంబరు దొరికేదాకా రెండు నెలలు కొత్త స్కూటరును నడపకుండా షెడ్డులో పెట్టాడు. జగిత్యాల బస్టాండు ఎదురుగా కూర్చునే అంకెల పండితుడు ఓంప్రకాశ్ చెప్పాడని గేటును రెండడుగులు పక్కకు జరిపించాడు. దాంతో స్కూటరు లోపలికి రావడం మానేసింది. ఇప్పుడది తొమ్మిది నంబరుతో రోడ్డు మీదే ఉంటుంది.

ఆ ఓంప్రకాశే పోయిన నెల ఇంకో రహస్యం చెప్పాడు. ఇంటి నంబరు, బండి నంబరు, ఫోను నంబరు అన్నీ చూసి, "ఇవన్నీ మంచిగనే ఉన్నయి. మరి ఇంట్ల బాధ ఏడికెళ్లి వస్తుంది? ఇంటర్నెట్టుల మీ ఇంటికి ఇంకో అడ్రస్ ఉంటది గదా, గది చూసుకున్నరా?" అన్నాడు. లక్ష్మీరాజం ఇంటికొచ్చి ఫోనులో చూసుకున్నాడు. 203.0.113.25. కూడితే పదిహేడు. పదిహేడును కూడితే ఎనిమిది. శని నంబరు. ప్రపంచమంతా చూసే గుమ్మానికి ఎనిమిది తగిలించుకుని ఇన్నాళ్లు బతికామని తెలిసి ఆయనకు ఆ పూట అన్నం సయించలేదు.

ఆ తర్వాతదంతా డైరీలో ఉంది. మూడో తారీకు పొద్దున ఆరింటికి, కోడలు ఇంకా లేవకముందు, భార్య వాకిలి ఊడ్చి ముగ్గేస్తుండగా, రౌటర్ బంద్ చేశాడు. నలభై నిమిషాలు దాని పక్కనే కూర్చుని, కుక్కర్ విజిల్ కోసం చూసినట్టు చూసి, చాలు చేశాడు. చివరి అంకె 61 అయింది. కూడితే మళ్లీ ఎనిమిది. ఏడో తారీకు 124. మళ్లీ ఎనిమిది. శని ఎంత మొండివాడో అప్పుడర్థమైంది. పన్నెండున 30 వచ్చింది. నాలుగు. నాలుగు, ఎనిమిదికి తమ్ముడి వరస. పదహారో తారీకు ఆదివారం 206 వచ్చింది. లక్ష్మీరాజం మూడుసార్లు కూడాడు. వేళ్ల మీద కూడాడు, కాగితం మీద కూడాడు, క్యాలిక్యులేటర్ మీద కూడాడు. పద్దెనిమిది. తొమ్మిది! డైరీలో ఆ అంకె చుట్టూ పసుపు రాశాడు.

కంపెనీ లెక్క ఐదు. తన లెక్క నాలుగు. పెద్ద కంపెనీలు మొదటిదాన్ని కూడా కలిపి లెక్కేస్తాయేమోలే అనుకుని ఆయన దాన్ని పట్టించుకోలేదు. తెర వెనక నిలబడ్డ మనిషికి అంతకంటే పెద్ద చింతలున్నాయి.

ఫోనులో లెక్క దొరక్కపోయేసరికి వనజ కేబుల్ నడిపే బుచ్చిరాములునే ఇంటికి పిలిపించింది. అతను మూడున్నరకు వచ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి. కూర్చోమంటే కూర్చోలేదు. కస్టమర్ ఇంట్లో కూర్చుంటే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని అతని అనుభవం.

"నీ లైనే ఖరాబున్నదన్నా" అంది వనజ. "నెల తిరగకముందే ఐదు మాట్ల నంబరు మారింది. నా నౌకరి మీదికొచ్చింది."

"లైను ఖరాబుంటే గల్లీ గల్లంత నా ఇంటి మీదికొచ్చేది చెల్లె. ఒక్కలు రాలే."

"మరెట్ల మారుతుంది?"

"బస్సుల సీటు లెక్క సమజ్ చేస్కో. కూసున్నంతసేపు నీదే. దిగి మల్ల ఎక్కినవనుకో, గా సీట్ల ఇంకెవలో కూసుంటరు. నీకు ఏది ఖాళీ ఉంటే గది. గీ డబ్బా బంద్ చేసుడంటే బస్సు దిగుడే."

"నా సీటు నాకే ఉండాల్నంటే?"

"దస్తీ ఏసి ఆపుకునే సీటు వేరే ఉంటది. దానికి వేరే ప్లాను. కాకకు అప్పుడే జెప్పిన. 'ఇంట్లనే కూసుంటం గదరా, ఇంట్లకు దస్తీ ఎందుకు' అన్నడు."

మళ్లీ వంటింటి తెర వెనకే చేరిన కాక, అంటే లక్ష్మీరాజం, ఇంకొంచెం లోపలికి జరిగాడు.

"కరెంటు పోయి బంద్ అయిందేమో?"

"బ్యాటరీ డబ్బా నేనే వెట్టిన గదా. నాలుగు గంటలు ఆపుతది." బుచ్చిరాములు జేబులోంచి మడత కాగితం తీశాడు. "మా ఆఫీసుల లెక్క రాసుకొచ్చిన, సూడు. మూడో తారీకు పొద్దుగాల ఆరింటికి బంద్, ఆరూ నలభైకి చాలు. ఏడో తారీకు గదే టైము, గదే నలభై నిమిషాలు. పన్నెండున గూడ..." అతను కాగితం మీంచి తలెత్తాడు. "చెల్లె, కోపం చేస్కోకు. గిది ఎవలో చేత్తోని చేసిన పనే."

"పొద్దుగాల ఆరింటికా?"

వనజ వంటింటి వైపు తిరిగింది. ఆ ఇంట్లో పొద్దున ఆరింటికి చీపురు పట్టుకుని తిరిగే మనిషి ఒక్కతే. అత్తగారు దేవవ్వ. ఆమె అప్పుడే చాయ్ గ్లాసులు ట్రేలో పెట్టి తెస్తోంది.

"అత్తమ్మా, మీరు తుడిచేటప్పుడు గీ వైరు గుంజుతున్నరా?"

దేవవ్వ ఆగిపోయింది. "నేనా? గా డబ్బ దిక్కు నేను సూడనన్న సూడ బిడ్డా. దాని మీద దుమ్ము గూడ దులుప."

"మరి ఆరింటికి లేచేది మీరొక్కలే గదా. తెల్వక గుంజిండ్రేమో. చెప్పుండ్రి, నేనేమన్న అంటున్ననా?"

"తెల్వక చేసేదాన్నా నేను?" దేవవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముప్పై ఏండ్లు కండెలు చుట్టిన. ఒక్క పోగు తెంపనిదాన్ని. నీ నౌకరి నేను తెంపుతనా? బుచ్చిరాములూ, నువ్వన్న జెప్పు, నాకు గా బటన్ ఏడుంటదో గూడ తెల్వది."

బుచ్చిరాములుకు ఇలాంటి ఇళ్లు నెలకు నాలుగు తగులుతాయి. కాగితం టేబుల్ మీద పెట్టి, చాయ్ కూడా తాగకుండా, "ఇంకో కంప్లేంటున్నది చెల్లె" అని చెప్పులేసుకున్నాడు.

దేవవ్వ ట్రే చేతిలో వణుకుతోంది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి చిన్న శబ్దం చేస్తున్నాయి. ఆ శబ్దాన్ని లక్ష్మీరాజం ఎంతసేపు వినగలడో అంతసేపూ విన్నాడు. అది నిమిషం లోపే. తర్వాత తెర జరిపి బయటకొచ్చాడు.

"ఆమెననకు బిడ్డా. నేనే."

"మీరేంది మామా?"

"బంద్ చేసింది నేనే."

వనజ ఆయన వైపు చూసింది. దేవవ్వ కూడా చూసింది. మొగుడు తప్పు ఒప్పుకోవడం ఆమె నలభై ఏళ్ల కాపురంలో ఇదే మొదలు. ట్రే కింద పెట్టి, దగ్గరికి వచ్చి మరీ చూసింది.

"ఎందుకు?" అంది వనజ.

"ఎనిమిదొస్తుంది బిడ్డా."

"ఏడికొస్తుంది?"

"ఏడికి రాదు. గా నంబరు కూడితే ఎనిమిదొస్తుంది."

ఏడు నెలల్లో వనజ కొన్ని వేల ఆస్పత్రి కాగితాలు చదివింది. మనిషికి ఎన్ని రకాల జబ్బులు రావచ్చో ఆమెకు చాలామంది డాక్టర్ల కంటే బాగా తెలుసు. ఆ జాబితాలో ఇది ఎక్కడా లేదు. ఆమె కుర్చీలో కూలబడింది.

"ఎనిమిదొస్తుందని నా నౌకరి తీస్తిరా మామా?"

"గట్లయితదని తెల్వది. నంబరు మారితే నీకు ఇంకింత మంచిగైతదనుకున్న."

"ఒక్కమాట నన్నడిగితే ఏమైతుండె? పదిహేను దినాల సంది నేను ఏడుసుకుంట వాళ్ల కాల్లు మొక్కుతున్న. మీరు గీడనే కూసోని పేపర్ చదువుతున్నరు. పోయిన సోమారం నేను మమతారాణి మేడంతోని మాట్లాడుతుంటే, మీరే గదా మంచినీళ్లు తెచ్చిచ్చిండ్రు!"

తెచ్చి ఇచ్చింది నిజమే. ఆ నీళ్లు తెచ్చి ఇచ్చినందుకు ఆయన ఆ రోజు తన గురించి కొంచెం గొప్పగా కూడా అనుకున్నాడు.

"గీ ఇంట్ల నాది అని ఉన్నది గీ కుర్చొక్కటే మామా" అంది వనజ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని లక్ష్మీరాజానికి అనిపించింది. "మా అవ్వగారింట్ల ఎవలన్న ఏం జేస్తున్నవే అని అడిగితే, నౌకరి చేస్తున్న అని జెప్పుకుంటున్న. గది గూడ గుంజుకుంటిరి."

"నీ మొకాన మన్నువడ" అంది దేవవ్వ మొగుణ్ణి. "స్కూటరు బజార్ల నిలవెడ్తివి. గేటు జరిపిచ్చి గోడ వలగ్గొడ్తివి. ఇప్పుడు పిల్ల బతుకు మీద పడ్డవా? ఎవడు జెప్పిండు, గా జగిత్యాలాయనేనా?"

"నువ్వాగవే."

"నేనెందుకాగాలె? దొంగతనం నాకంటగట్టెదాక ఆగినవు గదా నువ్వు!"

లక్ష్మీరాజం గోడకు ఆనుకుని, చెప్పుల స్టాండు పక్కన ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. అది చెప్పులేసుకునేటప్పుడు కూర్చునే స్టూలు. పెద్దమనిషి కూర్చునేది కాదు.

"నా కోసం చేయలే బిడ్డా" అన్నాడు. "నాలుగు నెలల సంది సూస్తున్న. నువ్వూ వాడూ మాట్లాడుకుంటలేరు. నువ్వు అన్నం పెడుతున్నవు, వాడు తింటుండు. టీవీ పెద్దగ పెట్టుకొని ఇద్దరు చెరో దిక్కు సూస్తరు. నేను కండ్లు లేనోన్ని గాదు. మీ నడుమ కొచ్చి ఏమైందని అడిగే ధైర్యం నాకు లేదు. నంబరు మార్చెటందుకు ధైర్యం అవసరం లేకుండె. బటన్ ఒత్తితే అయిపాయె."

 దేవవ్వ కొంగుతో ట్రే తుడిచింది. ట్రే మీద ఒక్క చుక్క కూడా ఒలికి లేదు.

"అడిగినా ఏం జెప్పేదాన్ని మామా" అంది వనజ. "నాకే తెల్వది. ఏమైందంటే పని టెన్షనంటడు. ఫోను బోర్లిచ్చి పెడుతడు. నేనేమన్న తప్పు చేసిన్నా అంటే, గదేం లేదంటడు. గదేం లేదన్న మాట ఎన్ని దినాలు తిని బతకాలె?"

గోడ గడియారం నాలుగుంపావు చూపిస్తోంది. ఏడుపుకు కూడా టైము లేదని వనజకు అప్పుడు గుర్తొచ్చింది. ముఖం కడుక్కుని వచ్చి మమతారాణికి ఫోను చేసి స్పీకర్ పెట్టింది.

"మేడం, తెలిసింది. మా మామయ్యే రౌటర్ ఆపి ఆన్ చేశారు. పెద్దాయన, తెలియక చేశారు."

ఎందుకు ఆపారని మమతారాణి అడిగింది. వనజ నిజమే చెప్పింది.  ఫోను కట్టయిందేమోనని వనజ తెర చూసుకుంది.

"తొమ్మిది వచ్చిందా చివరికి?" అంది మమతారాణి మెల్లగా.

"మేడం?"

"ఏం లేదు. మా అమ్మగారింట్లో కూడా..." ఆమె గొంతు సవరించుకుని మళ్లీ మేనేజర్ అయింది. "చూడండి వనజా, నేను నమ్ముతాను. పైవాళ్లకు కాగితం కావాలి. ఐదు తేదీలు, ఐదు టైములు. ఒక్కోదాని పక్కన ఎవరు ఆపారో రాసి, ఆ మనిషి సంతకం. మీ మామగారు స్వయంగా రాయాలి. మా దగ్గరున్న లెక్కతో ఐదూ సరిపోవాలి. ఒక్కటి కారణం లేకుండా మిగిలినా, ఆ ఒక్కసారి ఇంకెవరింటి నుంచో పని జరిగిందనే రాస్తారు. అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు."

ఫోను పెట్టేశాక వనజ ముఖంలో పదిహేను రోజులుగా లేని వెలుగు కనిపించింది. తెల్లకాగితం తెచ్చింది, పెన్ను తెచ్చింది, స్టూలు మీదున్న మామగారిని లేపి తన కుర్చీలోనే కూర్చోబెట్టింది.

"రాయుండ్రి మామా. మీదే తప్పు, మీదే మందు."

లక్ష్మీరాజం దస్తూరీ గుండ్రంగా ఉంటుంది. డైరీ తెరిచి పెట్టుకుని శ్రద్ధగా మొదలుపెట్టాడు. మూడో తారీకు, పొద్దున ఆరు నుంచి ఆరూ నలభై, రౌటర్ నేనే ఆపినాను, లక్ష్మీరాజం. ఏడో తారీకు, నేనే ఆపినాను. పన్నెండో తారీకు. పదహారో తారీకు. ప్రతి వరసా రాస్తుంటే ఛాతీ మీది బరువు కొంచెం కొంచెం దిగుతోంది. తప్పు ఒప్పుకోవడం ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ఇంకొన్ని తప్పులు కూడా ఒప్పుకునేవాడినే అనిపించింది. దేవవ్వ చల్లారిన చాయ్‌ని మళ్లీ వేడి చేసి తెచ్చి, ఆయన పక్కన పెట్టింది. ఆమె లెక్కలో అది క్షమించడం.

"అయిపోయినయి" అన్నాడు.

"నాలుగే రాసిండ్రు. ఐదోది?"

"నాలుగే గదా బిడ్డా."

"గీడున్నది సూడుండ్రి." వనజ బుచ్చిరాములు కాగితం తిప్పి, ఆఖరి వరస మీద వేలు పెట్టింది. "పద్దెనిమిదో తారీకు, మంగళారం. పదకొండూ ఇరవైకి బంద్, ఒంటిగంటా నలభై ఐదుకు చాలు. నిన్ననే గదా మామా, మర్చిపోయిండ్రా? చివరి అంకె 206 నుంచి 52 అయింది. గందుకే పొద్దుగాల నాకు ఎర్ర గీత వచ్చింది."

లక్ష్మీరాజం అలవాటుగా కూడాడు. రెండు, మూడు, ఒకటి, ఒకటి, మూడు, ఐదు, రెండు. పదిహేడు. ఎనిమిది.

తొమ్మిది వచ్చాక ఏ మనిషీ దాన్ని మార్చుకోడు. పసుపు రాసిన అంకెను తీసేసి మళ్లీ ఎనిమిది తెచ్చుకునేవాడు ఈ ఇంట్లో లేడు. ఈ జిల్లాలోనే లేడు. ఆ బటన్ నొక్కిన మనిషికి ఎనిమిదంటే భయం లేదు, తొమ్మిదంటే భక్తి లేదు. అతనికి ఇంకేదో కావాలి.

"నిన్న నేనూ అత్తమ్మా మెట్‌పల్లికి మా అక్క బిడ్డ ఫంక్షనుకు పోలేదా, గప్పుడు చేసినట్టున్నరు" వనజ ఉత్సాహంగా గుర్తు చేస్తోంది. "ఇంట్ల మీరొక్కలే ఉంటిరి. పన్నెండింటికి ఫోనుల హాల్ కెమెరా తెరిచి సూసిన, నల్లగుండె. రౌటర్ బంద్ ఉంటే కెమెరా గూడ బందే గదా. కరెంటు పోయిందేమో అనుకున్న."

ఆ కెమెరాలో చూసినదాన్ని దాచిపెట్టే కార్డు లేదు. కార్డు తర్వాత కొందాంలే అని లక్ష్మీరాజమే వాయిదా వేశాడు. రౌటర్ నడుస్తున్నంతసేపే దానికి కళ్లు.

నిన్న ఇంట్లో లక్ష్మీరాజం లేడు.

ఆ సంగతి ఈ ఇద్దరు ఆడవాళ్లకు తెలియదు. ఇల్లు చూసుకుంటానని చెప్పి, వాళ్లు బస్సెక్కగానే తాళం వేసి, పావుకిలో దూద్‌పేడా కొనుక్కుని జగిత్యాల పోయాడు. తొమ్మిది వచ్చిందని ఓంప్రకాశ్‌కు చెప్పకపోతే ఆయనకు నిద్ర పట్టేలా లేదు. ఇంటికొచ్చేసరికి మూడున్నర.

దార్లో బస్సులో ఉండగా నరేశ్ ఫోను చేశాడు. పదిన్నరకు. జైనూర్ నుంచే అన్నాడు. "బాపూ, ఇంట్ల ఉన్నవా?" అని అడిగాడు. లేదురా, జగిత్యాల పోతున్న, మూడు దాక రాను, మీ అవ్వకు చెప్పకు అన్నాడు తను. "సరే బాపూ, ఏం లేదు, ఊకెనే చేసిన" అన్నాడు నరేశ్. ఊకెనే ఫోను చేసే కొడుకు కాడు. అందుకే లక్ష్మీరాజం పొంగిపోయాడు. తొమ్మిది వచ్చి మూడు రోజులు కాలేదు, కొడుకు తనంతట తాను ఫోను చేశాడు, ఇంకేం కావాలి అని ఓంప్రకాశ్‌కు రెండు పేడాలు ఎక్కువ పెట్టాడు.

ఇంటి తాళంచెవులు మూడు. నిన్న ఒకటి తన జేబులో ఉంది, ఒకటి వనజ సంచిలో మెట్‌పల్లిలో ఉంది. మూడోది ఎప్పుడూ నరేశ్ దగ్గరే ఉంటుంది.

నిన్న ఇంటికొచ్చి మంచినీళ్లకని వంటింట్లోకి పోతే, గట్టు మీద రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. అద్దాల బీరువాలో ఉండే పూల కప్పులు. చుట్టాలొస్తే తప్ప దేవవ్వ వాటిని దించదు. తడి ఇంకా ఆరలేదు. పోయేముందు దేవవ్వ కడిగిందేమోలే అనుకుని, పొడిగుడ్డతో తుడిచి బీరువాలో పెట్టింది లక్ష్మీరాజమే. ఉదయం ఏడింటికి కడిగిన కప్పులు మధ్యాహ్నం మూడున్నరకు తడిగా ఎలా ఉంటాయని ఆయనకు అప్పుడు తట్టలేదు. నరేశ్ ముప్పై నాలుగేళ్లలో ఒక్క గ్లాసు కడిగి ఎరగడు. కడిగింది ఇంకొకరు.

"ఏమాయె మామా, రాసుడు ఆపిండ్రేంది?" వనజ వంగి చూసింది. "తప్పు ఒప్పుకున్నంక ఫికరెందుకు? నాకిప్పుడు మీ మీద కోపం లేదు. ఒక్క వరసనే. నేనే ఆపినాను అని రాసి సంతకం పెట్టుండ్రి. నాలుగూ యాభై అయితుంది. నేను ఫొటో తీసి పంపాలె."

"ఆ పిల్ల మొకం సూడయ్యా, ఎన్ని దినాలకు నవ్వుతుంది" అంది దేవవ్వ.

లక్ష్మీరాజం కోడలి ముఖం చూశాడు. పెన్ను ఐదో వరస మీద పెట్టాడు. పద్దెనిమిదో తారీకు అని రాశాడు. మంగళవారం అని రాశాడు. పదకొండూ ఇరవై నుంచి ఒంటిగంటా నలభై ఐదు వరకు అని రాశాడు. రౌటర్ అని రాశాడు. తర్వాతి మాట దగ్గర పెన్ను ఆగిపోయింది.

బాబ్బాబు, మీలో పెద్దలున్నారు, కొడుకులను కన్నవాళ్లున్నారు, కోడళ్లను తెచ్చుకున్నవాళ్లున్నారు. ఈ మనిషికి ఎవరైనా ఒక దారి చెప్పండి. "నేనే" అని రాస్తే ఆ పిల్ల ఉద్యోగం నిలబడుతుంది. కానీ ఆమె కళ్ల ముందు, ఆమె కుర్చీలోనే కూర్చుని, ఆమె మొగుడు దాచిందేదో దాని మీద ఈ ముసలాయన తన సంతకంతో మూత వేసినట్టవుతుంది. రేపు ఆ మూత లేచిన రోజున ఆమె ముందుగా చూసేది ఈ సంతకమే. "నేను కాదు" అని రాస్తే ఐదింటికి ఉద్యోగం పోతుంది, ఐదూ ఐదుకు ఆమె "మరి ఎవరు?" అని అడుగుతుంది. ఖాళీగా వదిలేస్తే రెండూ జరుగుతాయి. నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టాలా, అబద్ధం రాసి ఉద్యోగం నిలపాలా? మీ ఇంట్లో అయితే మీరేం రాసేవాళ్లు? జర తొందరగా చెప్పండి. వనజ ఫోను కెమెరా తెరిచి కాగితం మీదికి వంగింది, గడియారంలో నాలుగూ యాభై రెండయింది, ఆయన పెన్ను ఇంకా పైకి లేవలేదు.